సమాధానం: టెమ్ (ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్)‌లో రబ్బరు పాల కణాలు విడిగా కాకుండా పొరలా కనిపిస్తున్నాయి

మీ కణాలు గ్రిడ్ (నమూనా పెట్టే చిన్న లోహపు జల్లెడ బిళ్ల) మీద ఆరేటప్పుడే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. మైక్రోస్కోప్ తప్పేమీ లేదు. కణం లోపలి పాలీఐసోప్రీన్, అంటే అసలు రబ్బరు, గది ఉష్ణోగ్రతలో చాలా మెత్తగా ఉంటుంది. దాని చుట్టూ ఉన్న ప్రోటీన్, ఫాస్ఫోలిపిడ్ (ఒక రకం కొవ్వు) పొర చాలా పల్చన. నీరు పోగానే కణం చదునైపోతుంది.

1. రబ్బరు పాలను పల్చటి అమోనియా నీటితో బాగా పలచన చేయండి. ఆమ్లం తగలనివ్వొద్దు, గడ్డకడుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆస్మియం టెట్రాక్సైడ్‌ను (కణాలకు రంగు పట్టించే రసాయనం) ఆరిన గ్రిడ్‌కి కాదు, ద్రవంలో ఉండగానే కలపాలి. అది రబ్బరులోని ద్విబంధాలతో చర్య జరిపి కణాన్ని గట్టిపరుస్తుంది, నల్లగానూ చేస్తుంది. ద్రవం గోధుమ నలుపుకి తిరగాలి. ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే ల్యాబ్ అర)‌లోనే చేయండి, దయచేసి. ఆ ఆవిరి కళ్లను దెబ్బతీస్తుంది.

3. మిగిలిన ఆస్మియం కడిగేసి, ఆ తర్వాతే చుక్కను గ్రిడ్ మీద వేయండి.

పెద్ద కణాల మధ్యలోకి ఆస్మియం పూర్తిగా దిగకపోతే అంచున మందపాటి నల్ల వలయం వస్తుంది. దాన్ని ప్రోటీన్ పొర అనుకోకండి. అసలు పొరే చూడాలంటే క్రయో టెమ్‌కి (నమూనాను ఆరబెట్టకుండా గడ్డకట్టించి చూసే పద్ధతి) వెళ్లండి, అదీ తాజా పాలతో. నిల్వ ఉన్న అమోనియా పాలలో ఆ ప్రోటీన్లు క్రమంగా విడిపోతాయి.