యూఎన్‌లో ఉద్యోగమా, గ్రూప్స్‌ కోచింగా?

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర పల్లె. మా పాప బీఏ ఫైనలియర్‌. తన తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు, మాటలు రావు. చిన్నప్పటి నుంచీ వాడు ఏం చెప్పినా మాకు అర్థమయ్యేలా చెప్పేది అక్కే. దివ్యాంగుల హక్కుల కోసం దేశాలన్నీ కలిసి పనిచేస్తాయట, తనూ అందులో చేరి జెనీవా వెళ్తానంటోంది. మేమేమో గ్రూప్స్‌ కోచింగ్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉంటాయా? చదువుకి విదేశాలకి పంపాలా? పొలం అమ్మాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: నమస్కారం అండీ. ముందుగా, పొలం జోలికి వెళ్లకండి. ఈ రంగంలో తొలి మెట్టు ఎక్కడానికి విదేశీ డిగ్రీ అక్కర్లేదు. అది అవసరమయ్యే రోజు వచ్చేసరికి దానికి డబ్బు పెట్టేవాళ్లు వేరే ఉంటారు. అదెలాగో కింద చెప్తాను.

మీ పాప చెప్పింది గాలి మాటేం కాదు. దివ్యాంగుల హక్కుల మీద ఐక్యరాజ్య సమితి ఒడంబడిక ఒకటుంది. 2001లో మెక్సికో ప్రతిపాదిస్తే, 2006 డిసెంబరు 13న జనరల్‌ అసెంబ్లీ ఆమోదించింది. మన దేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. అందులో 32వ అధికరణం మొత్తం అంతర్జాతీయ సహకారం గురించే. అభివృద్ధి కోసం దేశాలు కలిసి చేసే పనుల్లో దివ్యాంగులు మిగిలిపోకూడదని, అనుభవం, పరిశోధన, టెక్నాలజీ ఇచ్చిపుచ్చుకోవాలని అది చెబుతుంది. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఒడంబడికకు కట్టుబడి తెచ్చుకున్నదే. 7 రకాల వైకల్యాలను 21 చేసిందీ, ప్రభుత్వోద్యోగాల్లో 3 శాతం కోటాను 4 శాతం చేసిందీ ఆ చట్టమే.

దేశాలు కలిస్తే ఏం ఒరుగుతుందంటారా? మర్రకేష్‌ ఒప్పందం చూడండి. చూపు లేనివాళ్ల కోసం ఒక పుస్తకాన్ని బ్రెయిలీలోకో ఆడియోలోకో మార్చాలన్నా, మార్చినదాన్ని పక్క దేశానికి పంపాలన్నా కాపీరైట్‌ అడ్డొచ్చేది. 2013లో మొరాకోలోని మర్రకేష్‌లో కూర్చుని ఆ అడ్డు తీసేశారు. 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు దాన్ని ధ్రువీకరించింది మన దేశమే.

మీకు ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే వెలుగు ప్రాజెక్టు. ప్రపంచ బ్యాంకు డబ్బుతో ఉమ్మడి రాష్ట్రంలో నడిచిన ఆ ప్రాజెక్టులో మహిళా సంఘాలతో పాటు వికలాంగుల సంఘాలు కూడా కట్టారు. మీ చుట్టుపక్కల పెద్దవాళ్లని అడిగితే ఆ మీటింగులు గుర్తున్నవాళ్లు ఉండొచ్చు. ఊరూరా తిరిగి ఆ సంఘాల్ని నిలబెట్టిన కార్యకర్తలు చేసింది కూడా అంతర్జాతీయ సహకారంలో ఉద్యోగమే. కాకపోతే వాళ్లలో చాలామందికి పాస్‌పోర్టు ఉండి ఉండదు.

ఇక జెనీవా. ఒడంబడిక ఎలా అమలవుతోందో అక్కడ కూర్చుని చూసే యూఎన్‌ కమిటీలో 18 మంది నిపుణులుంటారు. వాళ్లని దేశాలు ఎన్నుకుంటాయి కాబట్టి అది అప్లికేషన్‌ పెట్టి చేరే ఉద్యోగం కాదు. వాళ్లకి సాయంగా ఉండే సిబ్బందిలో ఖాళీలు తక్కువ, పోటీకి ప్రపంచమంతా వస్తుంది. వట్టి బీఏ పట్టాతో నేరుగా అక్కడ చేరినవాళ్లని నేనైతే చూడలేదు. కానీ ఆ కమిటీ ముందుకి వెళ్లే కాగితాలు ఎక్కడ పుడతాయో చూడండి. 2019 సెప్టెంబరులో ఆ కమిటీ ముందు జవాబు చెప్పే వంతు మన దేశానికి వచ్చింది. ప్రభుత్వ నివేదిక ఒకటి ఉంది. దాని పక్కనే మన దివ్యాంగుల సంఘాలు పంపినవి వేరే ఉన్నాయి. చట్టంలో ఏముంది, ఊళ్లో ఏం జరుగుతోంది అనే తేడా ఈ రెండో రకం నివేదికల్లోనే దొరుకుతుంది. కమిటీ ప్రభుత్వాన్ని గట్టిగా ప్రశ్నించడానికి కావాల్సిన సరుకు అదే.

ఆ సరుకు ఎలా ఉంటుందో చెప్తాను. మీ పాప తమ్ముడి కోసం వైకల్య సర్టిఫికెట్‌ ఇచ్చే సదరం క్యాంపుకి వెళ్లే ఉంటుంది. ఈసారి ఊరికే నోటుబుక్కు పట్టుకుని ఓ పూట కూర్చోమనండి. వినికిడి పరీక్ష గది బయట టోకెన్‌ నంబర్లు ఎలా పిలుస్తున్నారు? నోటితో అరిచి పిలుస్తుంటే, వినపడనివాడికి తన వంతు వచ్చిందని ఎవరు చెబుతున్నారు? తోడు ఎవరూ రాకపోతే అతను ఏం చేస్తున్నాడు, గుమ్మం దగ్గరే నిలబడిపోతున్నాడా? డిస్‌ప్లే బోర్డు ఉందా, ఉంటే వెలుగుతోందా? ర్యాంపు మొదట్లో బైకులు పెట్టేశారా? తేదీ, టైము, ఎంతమంది, అడిగితే అక్కడివాళ్లు ఏమన్నారు, అన్నీ రాయమనండి. కోపం, జాలి రాయొద్దని చెప్పండి. ఇలాంటి రెండేసి పేజీలు చాలా చోట్ల నుంచి పోగైతేనే నివేదిక అవుతుంది. ఇది చేసేవాళ్లకి కరువు. మంచి ఇంగ్లిష్‌ వచ్చినవాళ్లు క్యాంపుకి వెళ్లరు, క్యాంపులో పొద్దస్తమానం ఉండేవాళ్లకి ఇంగ్లిష్‌లో రాయడం అలవాటుండదు. రెండూ వచ్చిన అమ్మాయిని ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుందని చెప్పను గానీ, తను వెతికినప్పుడు దొరుకుతుంది.

జీతాల దగ్గరికొద్దాం, మీరు మొహమాటానికి అడగలేదు. స్వచ్ఛంద సంస్థల్లో చాలాచోట్ల నెలకి 20, 25 వేల దగ్గర మొదలవుతుంది. అదీ ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే. సంస్థకి విదేశీ డబ్బు రావాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్‌ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధుల్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు, అందులో పాలనా ఖర్చులు 20 శాతం దాటకూడదు. పెద్ద సంస్థ ద్వారా డబ్బు అందుకునే చిన్న చిన్న జిల్లా సంస్థలకి అదో పెద్ద దెబ్బ. దాని మీద 2025లో అమెరికా తన సాయం సంస్థ యూఎస్‌ఎయిడ్‌ని మూసేసింది, బ్రిటన్‌ కూడా సాయం తగ్గిస్తామని ప్రకటించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో బెర్లిన్‌లో జర్మనీ, జోర్డాన్‌ కలిసి ప్రపంచ వైకల్య శిఖరాగ్ర సదస్సు పెట్టి, 2028కల్లా దేశాల స్థాయిలో నడిచే అభివృద్ధి కార్యక్రమాల్లో కనీసం 15 శాతమైనా, దివ్యాంగుల్ని కలుపుకుపోయే లక్ష్యంతో ఉండాలని డిక్లరేషన్‌ చేయించాయి. నిధులు తగ్గుతున్న కాలంలో అది ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. నేనైతే డిక్లరేషన్‌ని నమ్ముకుని ఇంటి ఈఎంఐ పెట్టుకోమని ఎవరికీ చెప్పను.

అందుకే ఇటువైపు వస్తామనే పిల్లలకి చేతిలో ఒక పని ఉండాలంటాను. నిధులు ఆగిపోయినా ఆ పని అన్నం పెట్టాలి. మీ పాప విషయంలో అది సైన్‌ లాంగ్వేజ్‌ ఇంటర్‌ప్రెటర్‌ పని అని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఒక జాగ్రత్త. ఇంట్లో తమ్ముడితో మాట్లాడే సైగలు వేరు, ఇండియన్‌ సైన్‌ లాంగ్వేజ్‌ వేరు. దానికి సొంత వ్యాకరణం ఉంది. ఇంట్లో అలవాటే కదా అని అక్కడ ధీమాగా వెళ్లే పిల్లలు మొదటి నెలలోనే డీలా పడతారు. ఢిల్లీలో 2015లో పెట్టిన ఇండియన్‌ సైన్‌ లాంగ్వేజ్‌ రీసెర్చ్‌ అండ్‌ ట్రైనింగ్‌ సెంటర్‌లో ఇంటర్‌ప్రెటర్ల కోసం రెండేళ్ల డిప్లొమా ఉంది. ఇంటర్‌ పాసైనవాళ్లు చేరొచ్చు. ఇంకెక్కడ చేర్చినా ఆ కోర్సుకి రీహాబిలిటేషన్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్‌ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. బ్రోషర్‌ మీద లోగో ఉంటే చాలదు.

కోర్టులు, ఆసుపత్రులు, కాలేజీలు, టీవీ వార్తలు, అన్నిచోట్లా ఇంటర్‌ప్రెటర్ల అవసరం ఉంది, మనుషులు లేరు. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌ సాయంతో వాదించినప్పుడు దేశమంతా చెప్పుకుంది. అంత పెద్ద కోర్టులోనే అది వార్త అయిందంటే జిల్లా కోర్టుల సంగతి ఊహించుకోండి. ఈ దారి జెనీవా దాకా కూడా వెళ్తుంది. యూఎన్‌ కమిటీ సమావేశాల్లో ఇంటర్నేషనల్‌ సైన్‌ అనే పద్ధతిలో ఇంటర్‌ప్రెటర్లు ఉంటారు. ప్రపంచ బధిరుల సమాఖ్య, ఇంటర్‌ప్రెటర్ల ప్రపంచ సంఘం కలిసి దానికి అర్హత పరీక్ష పెట్టి గుర్తింపు ఇస్తాయి. అక్కడికి చేరడానికి ఏళ్లు పడుతుంది. కానీ వేసిన ప్రతి అడుగుకీ మధ్యలోనే జీతం ఉంటుంది, ఆ మాట జెనీవాకి వెళ్లే ఇంకే దారి గురించీ నేను ఇంత ధైర్యంగా చెప్పలేను.

రెండో దారి లా. ఏపీ లాసెట్‌ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయొచ్చు, ఆ తర్వాత క్లాట్‌ ప్రవేశ పరీక్ష ద్వారా హైదరాబాద్‌ నల్సార్‌ లా యూనివర్సిటీ లాంటి చోట ఎల్‌ఎల్‌ఎం. నల్సార్‌లో వైకల్య అధ్యయన కేంద్రం ఉంది. అక్కడ పాఠాలు చెప్పిన ప్రొఫెసర్‌ అమితా ధండా యూఎన్‌ ఒడంబడిక తయారీ చర్చల్లో పాల్గొన్నవారు. 2024 నవంబరు 8న రాజీవ్‌ రతూరి కేసులో, దివ్యాంగులకు అందుబాటు గురించిన ప్రమాణాలు వట్టి సూచనలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి నిబంధనలు చేయాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకి ఆధారమైన నివేదిక ఈ కేంద్రం తయారుచేసిందే. లా మీద ఆసక్తి ఉంటే దీనికోసం లండన్‌ దాకా చూడక్కర్లేదు, రైలెక్కితే హైదరాబాద్‌.

కంప్యూటర్‌ మీద చెయ్యి తిరిగితే మూడోది, యాక్సెసిబిలిటీ టెస్టింగ్‌. 2025 జూన్‌ 28 నుంచి యూరప్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అక్కడ అమ్మే బ్యాంకింగ్‌, షాపింగ్‌ యాప్‌లు దివ్యాంగులు వాడగలిగేలా ఉండాల్సిందే. ఆ పరీక్షలు చేసే పని మన ఐటీ కంపెనీలకీ వస్తోంది. కానీ మీ పాప గురించి మీరు రాసినదాన్ని బట్టి తను మనుషుల మధ్య ఉండే రకంలా ఉంది, దీన్ని బలవంతం చేయకండి.

విదేశీ చదువు విషయానికొస్తే, ఐర్లాండ్‌లో గాల్వే యూనివర్సిటీ వైకల్య చట్టాలకి పేరున్న చోటు. ఇంగ్లండ్‌లో లీడ్స్‌లో డిసెబిలిటీ స్టడీస్‌ ఉంది. రెండూ మంచివే. ఇప్పుడే అప్పు చేసి పంపితే మాత్రం పాప ఏ అనుభవమూ లేకుండా వెళ్లి, ఏ అనుభవమూ లేకుండానే తిరిగొస్తుంది. అదే రెండు మూడేళ్లు పనిచేసి వెళ్తే లెక్క మారుతుంది. బ్రిటన్‌ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌ స్కాలర్‌షిప్‌ ఫీజు, బస, విమాన టికెట్‌ అన్నీ భరిస్తుంది, దానికి 2,800 గంటల పని అనుభవం అడుగుతారు. చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి. ఐర్లాండ్‌ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లో ఫీజు మాఫీతో పాటు ఏడాదికి 10 వేల యూరోల స్టైపెండ్‌ ఉంటుంది. పాప దగ్గర సదరం క్యాంపు నోట్సు, ఇంటర్‌ప్రెటర్‌ డిప్లొమా, రెండేళ్ల పని ఉంటే దరఖాస్తులో ‘ఈ చదువు ఎందుకు’ అన్న ప్రశ్నకి జవాబు కోసం తడుముకోవక్కర్లేదు.

యూఎన్‌లో అడుగుపెట్టి చూడాలనే సరదా ఉంటే ఇంటర్న్‌షిప్‌కన్నా యూఎన్‌ వాలంటీర్స్‌ మేలు. 18 నుంచి 26 ఏళ్లవాళ్లకి యూత్‌ వాలంటీర్‌ పోస్టులుంటాయి, ఖర్చులకి నెలనెలా భత్యం ఇస్తారు, మన దేశంలోని యూఎన్‌ ఆఫీసుల్లోనే పని దొరకొచ్చు. యూఎన్‌ సెక్రటేరియట్‌ ఇంటర్న్‌షిప్‌లకి జీతం ఉండదు. జెనీవాలో అద్దె కట్టుకుంటూ జీతం లేకుండా పనిచేయడం మనలాంటి ఇళ్లలో పిల్లలకి అయ్యే పని కాదు. ‘యూఎన్‌లో పెట్టిస్తాం, రిజిస్ట్రేషన్‌ ఫీజు కట్టండి’ అని ఎవరైనా ఫోన్‌ చేస్తే పెట్టేయండి. యూఎన్‌ ఏ దశలోనూ డబ్బు తీసుకోదు.

గ్రూప్స్‌కి నేను వ్యతిరేకిని కాదు. విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖలో ఈ విషయం తెలిసిన ఆఫీసరు ఒక్కరున్నా జిల్లాలో తేడా కనిపిస్తుంది. అయితే నోటిఫికేషన్‌ ఎప్పుడొస్తుందో, కోర్టు కేసులు ఎప్పటికి తేలతాయో ఎవరికీ తెలియదు. ఏదో ఒక పని చేసుకుంటూ రాయనివ్వండి. అన్నీ మానేసి హాస్టల్‌ గదిలో నాలుగేళ్లు కూర్చోబెట్టొద్దు.

చివరిగా, మీరు అడగని సంగతి ఒకటుంది. ఈ ఉద్యమం నినాదమే ‘మమ్మల్ని వదిలేసి మా గురించి ఏదీ వద్దు’ అని. కాబట్టి ఈ రంగంలో ముందు వరస దివ్యాంగులదే, పాప అక్కగా, ఇంటర్‌ప్రెటర్‌గా పక్కన నిలబడాల్సిన సందర్భాలు చాలా వస్తాయి. ఆ విషయం తనకి ఇప్పుడే తెలియాలి. ఇంకోలా చూస్తే, మీ ఇంట్లో ఈ రంగానికి అసలు కావాల్సింది మీ అబ్బాయి. కేంద్ర ప్రభుత్వం దివ్యాంగ విద్యార్థులకి విదేశాల్లో పీజీ, పీహెచ్‌డీ కోసం ఏటా 20 స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. జపాన్‌లో డస్కిన్‌ పేరుతో 1999లో మొదలైన శిక్షణ ఉంది, ఆసియా దేశాల దివ్యాంగ యువతని పిలిపించి నెలల తరబడి నాయకత్వం నేర్పుతారు. అమెరికాలో బధిరుల కోసమే 1864 నుంచి నడుస్తున్న గాలొడెట్‌ యూనివర్సిటీ ఉంది. మీరు ఉత్తరం మొత్తంలో వాడి చదువు గురించి ఒక్క ముక్క రాయలేదు. వాడిప్పుడు ఏ క్లాసో, వాడికి చదవడం రాయడం ఎంతవరకు వచ్చో మళ్లీ రాయండి. ఈలోగా అక్కాతమ్ముళ్లిద్దరినీ ఒకే సైన్‌ లాంగ్వేజ్‌ క్లాసులో చేర్చండి, వీలైతే మీరిద్దరూ చేరండి. వాడికి దివ్యాంగుల గుర్తింపు కార్డు, అదే యూడీఐడీ కార్డు లేకపోతే ఈ వారమే అప్లై చేయండి, దివ్యాంగులకిచ్చే ఏ స్కాలర్‌షిప్‌కి వెళ్లినా ముందు అడిగేది ఆ కార్డే.