భక్తితో తాగుడు మానొచ్చా? మానినవాడిగా నా అనుభవం

"మా తమ్ముడు రోజూ తాగుతున్నాడు, దేవుడి దారిలో పెడితే మారతాడా?" అని అడిగారు. పన్నెండేళ్లు తాగి, ఏడేళ్ల కింద మానేసినవాణ్ని. సాయపడుతుంది, కాకపోతే మీరు అనుకుంటున్న తీరులో కాకపోవచ్చు.

నేను మొదటిసారి మానింది ఒట్టు పెట్టుకుని. దేవుడి ముందు బాగా ఏడ్చి, ఇంట్లో ఉన్న సీసాలన్నీ సింకులో పారబోసి, ఇక అంతా ఆయనే చూసుకుంటాడని డాక్టర్ మొహం కూడా చూడలేదు. మర్నాడు సాయంత్రానికి గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా నీళ్లు ఒలికిపోతున్నాయి, ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనిపించడం, మతి తప్పడం, ప్రాణం మీదికి రావడం కూడా జరగొచ్చు. భక్తి తక్కువై వచ్చేవి కావవి, మెదడు తాగుడుకి అలవాటు పడిపోయినందుకు వచ్చేవి. కాబట్టి ముందు డాక్టర్‌కి చూపించండి, ప్రార్థనలు దాంతోపాటే చేసుకోవచ్చు. (మాత్రలు వేసుకుంటే నమ్మకం లేనట్టే అని నాకు చెప్పినవాళ్లున్నారు. వాళ్లు షుగర్ మాత్ర మాత్రం ఒక్కపూట మానరు.)

తర్వాత ఒట్టు తప్పాను. అసలు నష్టం అక్కడ జరిగింది. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలని ప్రార్థనకి వెళ్లడమే మానేశాను, ఆ సిగ్గు మర్చిపోవడానికి ఇంకో రెండు పెగ్గులు ఎక్కువ పడేవి. అందుకే మీ తమ్ముడితో దయచేసి ఒట్లు వేయించకండి.

చివరికి నన్ను నిలబెట్టింది ఆ ప్రార్థన హాల్లోని పెద్దాయన ఒకరు. ఇన్నాళ్లు ఎక్కడికి పోయావనీ అడగలేదు, నీతులూ చెప్పలేదు, హాలు తాళంచెవి నా చేతిలో పెట్టి "రోజూ ఆరున్నరకి తలుపు తీసి కుర్చీలు వేసే పని నీది" అన్నాడు. నాకు సరిగ్గా ఆ టైముకే నాలుక పీకేది. జేబులో తాళంచెవి, బయట తలుపు కోసం ఎదురుచూసే పది మంది, తాగి వెళ్తే వాసన పట్టేస్తారు. ఆరున్నర నుంచి ఓ మూడు గంటలు గడిచిపోతే ఆ రోజుకి బతికిపోయినట్టే.

ఆల్కహాలిక్స్ ఎనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు కలుసుకుని ఒకరికొకరు తోడుండే సంఘం) 1935లో అమెరికాలో మొదలైంది కూడా ఇద్దరు తాగుబోతులు కూర్చుని మాట్లాడుకోవడంతోనే. మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది, కానీ ఎవరికి అర్థమైన దేవుడు వాళ్లకి అనే వెసులుబాటు కూడా ఉంది. నేను కొన్నాళ్లు వెళ్లాను, నా పక్కన కూర్చునే ఆయన పక్కా నాస్తికుడు, ఈ గదిలో ఉన్న మనుషులే నాకు దేవుడు అనేవాడు. నాకంటే ముందు మానేశాడు, అది వేరే సంగతి.

మీ తమ్ముడికి నమ్మకం ఉంటే తోడు వెళ్లండి, లేకపోతే బలవంతం వద్దు. ఏ టైముకి ఆగలేకపోతున్నాడో మాత్రం అడగండి, ఆ టైముకి వాడి కోసం ఎదురుచూసే మనుషులు ఎక్కడ దొరుకుతారో వెతకండి. నా తాళంచెవి పోయిన వారమే ఇంకో కుర్రాడికి ఇచ్చేశాను, వాడు మానేసి నలభై రోజులైంది, ఆరింటికే వచ్చి తలుపు దగ్గర నిలబడుతున్నాడు.