మూడు ఎస్టేట్లూ బట్టీ పట్టాను, మార్కులు మాత్రం 4

ప్రశ్న: బీఏ హిస్టరీ ఫైనల్ ఇయర్, తెలుగు మీడియం. సివిల్స్‌కి హిస్టరీనే ఆప్షనల్ అనుకున్నాను. మొన్న టెస్ట్ సిరీస్‌లో ‘విప్లవానికి ముందు ఫ్రెంచి సమాజంలో అసమానతలు’ అని 15 మార్కుల ప్రశ్న ఇచ్చారు. ఎస్టేట్లు (అప్పటి సమాజంలోని మూడు వర్గాలు), పన్నుల పేర్లు అన్నీ రాస్తే 4 మార్కులు వేశారు. ‘ఆ ఫ్రాన్స్ గొడవ నీకెందుకు, తెలుగు సాహిత్యం తీసుకో’ అంటున్నారు నాన్న. మార్చేయమంటారా? (జవాబు కాపీ జత చేశాను.)

జవాబు: ఒక్క పేపర్ చూసి ఆప్షనల్ మార్చకండి. మీ కాపీ చదివాను. మొదటి వాక్యంలోనే దెబ్బ తగిలింది: ‘ధనికులు, మధ్యతరగతి, పేదలు అని మూడు ఎస్టేట్లు ఉండేవి’ అన్నారు. ఎస్టేటుకూ డబ్బుకూ నేరుగా సంబంధం లేదు. చట్టం ఎవరికి ఏ హక్కు, ఏ మినహాయింపు ఇచ్చిందన్నదే అక్కడి లెక్క.

మతగురువులు మొదటిది, ప్రభువులు రెండోది, మిగతా జనమంతా మూడోది. 1789 నాటికి సుమారు 2 కోట్ల 80 లక్షల జనాభాలో నూటికి 97 మందికి పైగా మూడోదాంట్లోనే. బోర్డో రేవులో ఓడలున్న వర్తకుడూ అక్కడే, పారిస్ లాయరూ అక్కడే, కూలీ దొరక్క పస్తున్న మనిషీ అక్కడే. ఇటు చూస్తే బిషప్పులు దాదాపు అందరూ ప్రభువుల ఇళ్లవాళ్లు, ఊరి చర్చి ఫాదర్‌ది చాలీచాలని బతుకు. 1789 జూన్‌లో, మూడు ఎస్టేట్ల ప్రతినిధులు కలిసే ‘ఎస్టేట్ల జనరల్’ సభలో, అలాంటి ఫాదర్లు కొందరు మూడో ఎస్టేటుతో వచ్చి కూర్చోవడం ఊరికే జరగలేదు.

‘మన కులాల్లాంటివే’ అనీ రాశారు. ఆ పోలిక వాడితే జాగ్రత్తగా వాడాలి. ఫాదర్లకు పెళ్లిళ్లు లేవు కాబట్టి మొదటి ఎస్టేటులో ఎవరూ పుట్టరు. రెండోదాంట్లోకి డబ్బు పెట్టి దూరొచ్చు. ‘రాజుగారి కార్యదర్శి’ అనే పదవి కొనుక్కుని 20 ఏళ్లు ఉంటే, లేదా పదవిలో ఉండగా పోతే, ఇంటిల్లిపాదీ ప్రభువులైపోయేవారు. ఆ పదవికి ‘సామాన్యుడి సబ్బు’ అని ఎగతాళి పేరు, పుట్టుక మురికి వదలగొడుతుందని! నాకు చాలా ఇష్టమైన ముక్క ఇది. 1781లో మాత్రం సైన్యంలో అధికారి కావాలంటే తండ్రి వైపు నాలుగు తరాలుగా ప్రభువుల వంశమేనని చూపించాలన్నారు. డబ్బుండీ తలుపు తెరుచుకోని వాళ్లకు ఒళ్లు మండింది ఇలాంటి చోటే. మీ జవాబులో ఈ కోపం ఊసే లేదు.

ఇక ‘ప్రభువులు ఏ పన్నూ కట్టలేదు’ అన్న వాక్యం కొట్టేయండి. ‘తాయ్’ అనే ముఖ్యమైన పన్ను నుంచి చాలామటుకు తప్పించుకున్నారు. 1695 నాటి తలపన్ను, 1749 నాటి ఇరవయ్యో వంతు పన్ను మాత్రం వాళ్ల మీదా ఉన్నాయి, పలుకుబడితో తగ్గించుకునేవారు. ఉప్పు పన్ను ఇంకా విచిత్రం. కొన్ని ప్రాంతాల్లో 8 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి లెక్కనా ఏటా ఇంత ఉప్పు కొని తీరాలి. పక్కనే ఉన్న బ్రిటనీ అనే ఫ్రెంచి ప్రాంతంలో ఆ పన్నే లేదు. సరిహద్దు దాటించి దొంగ ఉప్పు అమ్మేవాళ్లకు పండగే పండగ. అంటే బ్రిటనీలో బక్క రైతుకీ ఒక మినహాయింపు ఉందన్నమాట. ఈ ఒక్క ఉదాహరణ మీకు 2 మార్కులు తెస్తుంది.

బీద రైతు సంగతి రాసేటప్పుడు శాతాలు పేర్చే బదులు ఒక మనిషిని చూపించండి. 1789 జూలై 12న, అంటే పారిస్‌లోని బాస్టీల్ కోట జనం చేతుల్లో పడటానికి రెండు రోజుల ముందు, ఆర్థర్ యంగ్ అనే ఇంగ్లిష్ యాత్రికుడికి కొండదారిలో ఒకావిడ తోడొచ్చింది. నడుం వంగి, ముఖం ముడతలు పడి, కాస్త దూరం నుంచి చూస్తే అరవై డెబ్బై ఏళ్లనిపించేలా ఉంది. తన వయసు 28 అని చెప్పింది. ఏడుగురు పిల్లలు, చిన్న చెక్క భూమి, ఒక ఆవు, ఒక బక్క గుర్రం. ఒక దొరకు గోధుమలు, మూడు కోళ్లు. ఇంకో దొరకు ఓట్స్ ధాన్యం, ఒక కోడి, ఒక సూ నాణెం. ఆ పైన రాజుగారి పన్నులు. మాలాంటి వాళ్లకు పెద్దలెవరో ఏదో చేస్తారంటున్నారు, ఎవరో ఎలాగో తెలీదంది.

అదే ప్రశ్న ఈ వారం మళ్లీ రాయండి, పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని. ఎస్టేట్ల జనరల్ సభలో మూడోదానికి సుమారు 600 మంది ప్రతినిధులున్నా, ఎస్టేటుకు ఒక్కటే ఓటన్న పాత పద్ధతి దగ్గర ముగించండి. ఇలా పాత ప్రశ్నలు ఒక పది రాశాక కూడా విసుగే మిగిలితే అప్పుడు తెలుగు సాహిత్యం సంగతి చూద్దాం. అదీ మంచి ఆప్షనలే.

నాన్నగారితో రెండు మాటలు చెప్పండి. మెయిన్స్‌లో ఆప్షనల్‌ది 500 మార్కులు. అది కాక జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర ఉంది, ఆప్షనల్ మార్చినా ఫ్రాన్స్ వదలదు. ఆయన అసలు టెన్షన్ ఉద్యోగం గురించేమో, అది న్యాయమే. ఒట్టి బీఏ హిస్టరీతో దొరికే ఉద్యోగాలు తక్కువ. ఈ ఏడాది ఎడ్‌సెట్ కూడా రాసి పెట్టుకోండి. బీఈడీ ఉంటే డీఎస్సీలో సోషల్ స్కూల్ అసిస్టెంట్‌కి దారి ఉంటుంది.