శనివారాల పాటగాడు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో టెక్సస్ నల్లజాతి పాటగాడు మాన్స్ లిప్స్‌కమ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాల వాన! ఆ సంచిక చూడనివారికి రెండు మాటల్లో చెబుతాను. 1895లో టెక్సస్‌లోని నవసోటా దగ్గర పుట్టాడు. 1976లో ఆ ఊళ్లోనే పోయాడు. జీవితంలో ఎక్కువ భాగం పత్తి చేలలో పరాయివాళ్లకి సేద్యం చేశాడు, గిటార్ వాయించి పాడాడు. తొలి రికార్డు వచ్చేసరికి ఆయనకి 65 ఏళ్లు. ఇక మీ ప్రశ్నలు.

"65 ఏళ్లకి తొలి రికార్డు, 80 ఏళ్లకి మరణం. మధ్యలో పక్షవాతం కూడా వచ్చిందని మీరే రాశారు. మరి 'సుదీర్ఘ సంగీత జీవితం' అని ఎలా అన్నారు?" (ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, తెనాలి)

మాస్టారూ, మీరు లెక్క 1960 నుంచి మొదలుపెట్టారు. నేను 1906 నుంచి మొదలుపెడతాను.

మాన్స్ తండ్రి బానిసగా పుట్టినవాడు. అలబామా నుంచి టెక్సస్‌కి అమ్ముడుపోయి, కొన్న కుటుంబం పేరునే ఇంటిపేరుగా మోసినవాడు. ఫిడేలు బాగా వాయించేవాడు. మాన్స్‌కి పదకొండేళ్లప్పుడు తల్లి ఒక గిటార్ కొనిపెట్టింది. ముందు తండ్రి ఫిడేలు పక్కన వాయించాడు, తర్వాత ఒక్కడే. వారమంతా నాగలి పట్టి, శనివారం రాత్రి ఎవరో ఒకరింట్లో విందూ డ్యాన్సూ ఉంటే అక్కడ పాడేవాడు. అది కచేరీ కాదు. వేదిక లేదు, మైకు లేదు. గదిలో సామాను పక్కకి జరిపి జనం ఎగురుతుంటే, ఒక్క గిటార్‌తో ఆ గదంతా ఆడించాలి. చెయ్యి ఆగితే డ్యాన్స్ ఆగిపోతుంది.

1906 నుంచి 1956 దాకా యాభై ఏళ్లు, ఏడాదికి 52 శనివారాలు. 2,600 అవుతాయి. అన్నిటికీ వాయించి ఉండడు. జ్వరాలూ, వానలూ, చావులూ ఉంటాయి కదా. సగం కొట్టెయ్యండి. అయినా మిగిలినన్ని కచేరీలు ఎంతమంది విద్వాంసులు చేశారో చెప్పండి. రికార్డు కంపెనీ పుట్టకముందు జరిగింది సంగీత జీవితం కాదనుకుంటే, మన పల్లెల్లో తరతరాలుగా పాడుతున్నవాళ్లందరికీ సున్నా వెయ్యాలి. నేను వెయ్యను. మీరూ వెయ్యరనే నా నమ్మకం, ఎంత లెక్కల మాస్టారైనా.

ఇంకోమాట. ఆయనకి దాదాపు 350 పాటలు వచ్చని చెబుతారు. అందులో బ్లూస్, అంటే అమెరికా నల్లజాతివారి కష్టసుఖాల పాటలు, ఒక భాగమే. కథాగేయాలు, వాల్జ్, పోల్కా లాంటి డ్యాన్స్ పాటలు, చర్చి పాటలు, ఆ కాలంలో అందరి నోటా ఆడిన పాటలు, అన్నీ ఉన్నాయి. తనని బ్లూస్ గాయకుడంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు, 'సాంగ్‌స్టర్', అంటే అన్ని రకాలూ పాడే పాటగాడు, అనేవాడు. శనివారం రాత్రి ముసలమ్మ వాల్జ్ అడుగుతుంది, కుర్రాడు ఇంకోటి అడుగుతాడు. ఎవరేమి అడిగినా రాదనకూడదు. ఆ 350 పాటలు అలా పోగుపడినవే.

"దొర మీద పాట పాడితే రికార్డు మీద పాడినవాడి పేరు వెయ్యలేదని రాశారు. 1960లో అమెరికాలో కూడా అంత భయమా? మా తాత వెట్టి చేసిన మనిషి. ఈ సంగతి వివరంగా చెప్పండి." (సూర్యాపేట నుంచి ఒక పాఠకుడు)

చెబుతాను. ఈ ఉత్తరం నన్ను చాలాసేపు ఆపింది.

మాన్స్ చేసింది సగం పాలు సేద్యం. భూమి, కంచర గాడిదలు, విత్తనం, పనిముట్లు దొరవి; రెక్కలు రైతువి. పంటలో చెరి సగం. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఏడాది పొడుగునా తిండిగింజలు, బట్టలు అరువు తెచ్చుకోవాలి. ఆ ఖాతా రాసేది దొర మనుషులే. పత్తి అమ్మాక లెక్క చూస్తే రైతు సగం ఆ ఖాతాకే సరిపోతుంది, ఒక్కోసారి బాకీ తేలుతుంది. బాకీ ఉన్నవాడు ఎక్కడికి పోతాడు? మళ్లీ అక్కడే దున్నుతాడు. మీ తాతగారు ఉంటే ఇదంతా ఒక్క మాటలో చెప్పేవారు.

నవసోటా చుట్టుపక్కల పల్లపు భూముల్లో పెద్ద దొర టామ్ మూర్. ఆయన పొలం మీద కూలీలు కట్టుకున్న పాట ఒకటి ఆ ప్రాంతమంతా తిరిగేది. 1940ల చివర్లో హ్యూస్టన్ గాయకుడు లైట్నిన్ హాప్కిన్స్ దాన్ని రికార్డు చేస్తే, లేబుల్ మీద 'టామ్' కాస్తా 'టిమ్' అయింది. అచ్చుతప్పు అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నేనైతే అనుకోను.

మాన్స్ ఆ టామ్ మూర్ దగ్గరే పనిచేశాడు. 1956లో మేస్త్రీ ఒకడు తన తల్లి మీదా భార్య మీదా దౌర్జన్యం చేస్తే, వాణ్ణి కొట్టి హ్యూస్టన్ వెళ్లిపోయాడు. రెండేళ్లు అక్కడే తలదాచుకున్నాడు. అప్పటికి ఆయనకి 61 ఏళ్లు! తిరిగొచ్చాక 1960లో ఆ పాట తన ఇంట్లో, తన గొంతుతో టేపు మీదకి ఎక్కించాడు. రికార్డు బయటికొచ్చినప్పుడు ఆ పాటకి పేరు లేదు, 'అజ్ఞాత గాయకుడు' అంతే.

మన దగ్గర తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరల మీద, నిజాం మీద పాటలు ఊరేగింపుల్లో పాడారు. వెనక సంఘం ఉంది, దళం ఉంది, పక్క ఊరి జనం ఉన్నారు. మాన్స్ వెనక ఎవరూ లేరు. పాట రికార్డయిన మర్నాడు ఆయన బతకాల్సింది ఆ కౌంటీలోనే, రొట్టెకి పిండి కొనాల్సింది ఆ ఊరి కొట్లోనే. అందుకని పేరు దాచారు. దాన్ని పిరికితనం అనే హక్కు మనకి లేదు. అసలు పాడాడు చూశారా, అది చూడాలి.

"ఆయన్ని 'కనిపెట్టింది' ఎవరు?" (విశాఖపట్నం)

ఊరంతా ఎరిగిన మనిషిని ఎవరు కనిపెడతారండీ! సరే, రికార్డు చేసింది ఎవరని మీ ఉద్దేశం అనుకుంటాను. క్రిస్ స్ట్రాక్‌విట్జ్, మాక్ మెక్‌కార్మిక్. స్ట్రాక్‌విట్జ్ జర్మనీలో పుట్టి 1947లో అమెరికా వచ్చినవాడు. 1960 వేసవిలో ఇద్దరూ నవసోటా వచ్చి ఇక్కడ బాగా పాడేవాళ్లెవరని వాకబు చేస్తే మాన్స్ పేరు చెప్పారు. అప్పుడాయన రోడ్డు పక్క గడ్డి కోసే ముఠాకి పెద్ద. పని నుంచి ఇంటికొచ్చేదాకా ఆగి, ఆ రాత్రే ఇంట్లో రికార్డు చేశారు. స్ట్రాక్‌విట్జ్ పెట్టిన 'అర్‌హూలీ' కంపెనీకి అదే మొదటి ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు). మొదట కొట్టించినవి 250 కాపీలు. ఆ కంపెనీ ఆస్తి మొత్తం 2016లో అమెరికా జాతీయ మ్యూజియాలు నడిపే స్మిత్సోనియన్ సంస్థకి చేరింది కాబట్టి, ఆ పాటలు ఇప్పుడు వినడానికి తేలిగ్గానే దొరుకుతాయి.

"నేను గిటార్ నేర్చుకుంటున్నాను. మాన్స్ వింటే ఇద్దరు వాయిస్తున్నట్టుంది. ఎలా?" (ఇంటర్ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

తల్లీ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మా గిటార్ క్లాసులో ఎవరూ అడగరు.

రహస్యం కుడిచేతి బొటనవేలిలో ఉంది. చాలా పాటల్లో, ముఖ్యంగా 'ఇ' శ్రుతిలో వాయించేటప్పుడు, మాన్స్ బొటనవేలు ఒకే మంద్ర తీగని దెబ్బకి ఒకటి చొప్పున కొడుతూనే ఉంటుంది. ఆగదు, తొందరపడదు. మిసిసిపీ జాన్ హర్ట్ లాంటి బ్లూస్ గాయకులు రెండు మూడు తీగల మధ్య బొటనవేలిని అటూ ఇటూ తిప్పుతారు. మాన్స్‌కి అదీ వచ్చు, కానీ ఒకే తీగ మీద దంచడం ఆయన గుర్తు. డ్యాన్స్ చేసేవాళ్ల కాళ్లకి కావలసింది అదే. పైన మిగతా వేళ్లు పాట వరస పలికిస్తాయి, అదీ దెబ్బకి సరిగ్గా కాకుండా సందులో, అర అక్షరం తప్పించి.

నువ్వు చెయ్యాల్సింది: ఎడమచెయ్యి వదిలెయ్. బొటనవేలితో ఆరో తీగ ఒక్కటే పది నిమిషాలు కొట్టు. అలా కొడుతూ ఎవరితోనైనా మాట్లాడు. మాటల్లో పడి దెబ్బ తప్పితే ఇంకా రాలేదన్నమాట. మాటకి మాట, దెబ్బకి దెబ్బ నడిచాకే పై తీగలు ముట్టుకో. మీ ఇంట్లోవాళ్లకి కొన్నాళ్లు విసుగొస్తుంది. వాళ్లకి నా తరపున క్షమాపణ చెప్పు.

"గిటార్ మీద కత్తి రాసి వాయించాడని రాశారు. మన గోట్టువాద్యం నుంచి వెళ్లిందా?" (సంగీత ఉపాధ్యాయురాలు, తిరుపతి)

నమస్కారమండీ. అక్కణ్ణుంచి వెళ్లిందని చెప్పడానికి ఆధారం ఏదీ లేదు, అలా అని నేను రాయను. 1960 రికార్డులో 'జాక్ ఓ డైమండ్స్' పాటకి మాన్స్ జేబుకత్తిని తీగల మీద జార్చాడు. గోట్టువాద్యంలో కర్ర ముక్కతో జార్చినట్టే స్వరం ఒకచోట నుంచి ఇంకోచోటికి మెట్లు లేకుండా పాకుతుంది. గమకానికి అలవాటుపడిన మీ చెవికి అందుకే దగ్గరగా తోచింది. ఈ రెండు దారులూ నిజంగా కలిసిన చోటు ఒకటుంది: 1995లో అమెరికా బ్లూస్ గాయకుడు తాజ్ మహల్, చిత్రవీణ (గోట్టువాద్యానికే ఇంకో పేరు) రవికిరణ్, మోహనవీణ (మన సంగీతానికి మలిచిన గిటార్) విశ్వమోహన్ భట్ కలిసి చేసిన ఆల్బమ్. మీ విద్యార్థులకి వినిపించండి. కొన్ని పాటలు గొప్పగా ఉంటాయి; కొన్ని, నా మటుకు నాకు, ముగ్గురూ ఒకరికొకరు మర్యాదలు చేసుకున్నట్టుంటాయి.

"నాకు 58. మాన్స్ కథ చదివాక ధైర్యం వచ్చి గిటార్ కొన్నాను. నేను కూడా 65కి రికార్డు చెయ్యగలనా?" (బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్)

కొన్నందుకు సంతోషం. కానీ పొరబడ్డారు సార్. ఆయన 65కి మొదలుపెట్టలేదు, పదకొండుకి మొదలుపెట్టాడు. 65కి మొదలైంది మనం వినడం. మీరు మాన్స్ పేరు పక్కనపెట్టి, మీ సరదా కోసం వాయించండి. పైన రాజమహేంద్రవరం అమ్మాయికి చెప్పిన పది నిమిషాల పాఠం మీకూ వర్తిస్తుంది.

"పేరొచ్చాక బాగా సంపాదించాడా?" (నెల్లూరు)

సొంత ఇల్లు పాట వల్ల రాలేదు. హ్యూస్టన్‌లో తలదాచుకున్నప్పుడు పగలు కలప కంపెనీలో పని, రాత్రి బార్లలో పాట. ఆ పనిలో ప్రమాదం జరిగితే వచ్చిన నష్టపరిహారంతో నవసోటాలో కాస్త నేల కొని ఇల్లు కట్టుకున్నాడు. యాభై ఏళ్ల సేద్యం ఇవ్వనిది ఒక్క దెబ్బ ఇచ్చింది. 1960 తర్వాత కాలేజీల్లో, ఉత్సవాల్లో పాడాడు. 1961లో బర్కిలీ జానపద ఉత్సవానికి వెళ్లాడు. అదే ఏడాది ఫ్రాంక్ సినాట్రా పెట్టిన రిప్రైజ్ కంపెనీ ఒక ఎల్పీ వేసింది. డబ్బు కొంత చేతికొచ్చింది, బతుకు తేలికపడింది. కాపురం మాత్రం నవసోటాలోనే, 1913లో పెళ్లాడిన ఎల్నోరాతో. 1974లో పక్షవాతం వచ్చేదాకా పాడాడు. లెస్ బ్లాంక్ 1971లో ఆయన మీద డాక్యుమెంటరీ తీశాడు. ఆ చేతుల కదలిక చూడాలంటే అది చూడండి.

"నేను టెక్సస్‌లో కాలేజ్ స్టేషన్ అనే ఊళ్లో ఎం.ఎస్. చేస్తున్నాను. హ్యూస్టన్ వెళ్లేటప్పుడల్లా నవసోటా బోర్డు కనిపిస్తుంది. ఆగితే చూడ్డానికేమైనా ఉందా?" (ఒంగోలు కుర్రాణ్ణి, ప్రస్తుతం టెక్సస్)

బాబూ, ఇన్నాళ్లూ ఆగకుండా పోతున్నావా! మీ దగ్గర నుంచి ఆరో నంబరు హైవే మీద అరగంట కూడా పట్టదు. ఊళ్లో ఆయన పేరుతో పార్కు ఉంది, 2011లో పెట్టిన కంచు విగ్రహం ఉంది. 2005లో టెక్సస్ శాసనసభ ఆ ఊరిని రాష్ట్ర బ్లూస్ రాజధానిగా ప్రకటించింది. ఒకప్పుడు పాటకి పేరు వెయ్యడానికి భయపడిన ఊరు! ఫ్రెంచి అన్వేషకుడు లా సాల్ విగ్రహం కూడా అక్కడే ఉంటుంది, అదీ చూసి రా. ఊరు దాటి కాస్త లోపలికి, నది పల్లపు భూముల వైపు బండి పోనిస్తే మాన్స్ దున్నిన నేల ఎలాంటిదో తెలుస్తుంది. ఆయన పేరు మీద బ్లూస్ ఉత్సవం ఆగస్టులో చేస్తూ వచ్చారు, ఈ ఏడు తేదీలు కనుక్కొని వెళ్లు. నీళ్ల సీసా, టోపీ మర్చిపోకు. ఆగస్టు ఎండలో ఆ ఊరు మన రెంటచింతలకి తమ్ముడే.