రెండు రూపాయల వడ్డీకి కోడింగ్ క్లాసులా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. రెండెకరాల్లో మిర్చి వేస్తాం. పాప జడ్పీ హైస్కూల్లో తొమ్మిది, బాబు ఎనిమిది చదువుతున్నారు. ఊళ్లోకి వచ్చిన ఒకాయన మూడేళ్ల ఆన్‌లైన్ కోడింగ్ కోర్సు, ట్యాబ్‌తో కలిపి 72 వేలు అన్నారు. నెలకు 3 వేల చొప్పున రెండేళ్లు కట్టాలట, వడ్డీ లేదట. ఒకేసారి కడితే 60 వేలేనట. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేయమంటారా? పిల్లలు వెనకబడతారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: కట్టొద్దండి. రెండు దారుల్లో ఏదీ వద్దు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 60 వేలకు నెలకు 1,200, ఏడాదికి 14,400. అసలు అలాగే ఉంటుంది. ఇక వడ్డీ లేదన్న ఈఎంఐ సంగతి. ఆ వడ్డీ ఎక్కడికీ పోలేదు, 60కీ 72కీ మధ్యే కూర్చుంది. పైగా మీరు సంతకం పెట్టేది సాధారణంగా ఏదో ఫైనాన్స్ కంపెనీ అప్పు కాగితం మీద. క్లాసులు నచ్చక మానేసినా వాయిదాలు ఆగవు. ఆగితే అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపే సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు పంట రుణానికి బ్యాంకుకు వెళ్లినప్పుడు అది బయటపడుతుంది. ఇప్పటికే సంతకం చేసి ఉంటే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ అడిగి తీసుకోండి. నిజంగా పడే వడ్డీ శాతం అందులో ఉండాలి.

పాప విషయంలో నిజంగా డబ్బు తెచ్చేవి టెన్త్ మార్కులు. నూజివీడు ట్రిపుల్ ఐటీలాంటి ఆర్జీయూకేటీ (ప్రభుత్వ టెక్నికల్ యూనివర్సిటీ) క్యాంపస్‌లలో ఆరేళ్ల బీటెక్‌కు సీట్లు ఇచ్చేది టెన్త్ మార్కులను బట్టే. హాస్టల్ లేని ప్రభుత్వ, జడ్పీ స్కూళ్ల పిల్లలకు 4 శాతం అదనంగా కలుపుతారు. అందుకే టెన్త్‌కు ప్రైవేటు స్కూలుకు మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. ఫీజూ పోతుంది, ఆ 4 శాతమూ పోతుంది.

కంప్యూటర్ మాత్రం నేర్పించాల్సిందే. దానికి ట్యాబ్ పనికిరాదు, కీబోర్డు మీద చేతులు ఆడాలి. పదీ పన్నెండు వేలల్లో వారంటీ ఉన్న పాత డెస్క్‌టాప్ చూడండి. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు ఉచితం, తెలుగులోనూ ఉన్నాయి. వీడియో ఆపుతూ, పక్కనే చేసి చూస్తూ నేర్చుకోవచ్చు. ఈ సీజన్ మిర్చి లెక్క అంతా, అంటే ఎరువులు, పురుగుమందులు, కోత కూలీ, కోల్డ్ స్టోరేజీ అద్దె, పాప చేత స్ప్రెడ్‌షీట్‌లో వేయించండి. టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, ఎంత ఖర్చు పడిందో మీకూ తేలుతుంది. సెలవుల్లో గుంటూరులో టైపింగ్‌కు పంపాలనుకుంటే, స్త్రీ శక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు బస్సులో పాపకు టికెట్ ఖర్చు లేదు, ఆధార్ ఉంటే చాలు.

డబ్బు దాచడం గురించి ఒక మాట. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లలోపు ఆడపిల్లలకే, పాపకు ఆ వయసు దాటిపోయింది. నెలనెలా కట్టే ఆర్డీ కూడా మీకు కుదరదు, రైతుకు డబ్బు నెలనెలా రాదు కదా. మిర్చి అమ్మినప్పుడు కొంత తీసి పోస్టాఫీసు టైమ్ డిపాజిట్‌లో వేయండి. తల్లికి వందనం కింద వాళ్లమ్మ ఖాతాలో బిడ్డకు 13 వేలు చొప్పున పడుతుంటే అదీ అందులోకే. రెండేళ్ల తర్వాత ఇంటర్ అయినా, ట్రిపుల్ ఐటీ అయినా మొదటి ఖర్చుకు చేయి చాచక్కర్లేదు.

అన్నింటికన్నా తొందర పడాల్సింది బాబు విషయంలో. ఎనిమిదో తరగతిలోనే రాసే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12 వేలు, మొత్తం 48 వేలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఈ ఏడాది తప్పితే మళ్లీ అవకాశం లేదు కాబట్టి సచివాలయంలో ఆదాయ ధ్రువీకరణ పత్రానికి పెట్టేసి, దరఖాస్తు గడువు ఎప్పుడో హెడ్మాస్టరు గారిని రేపే అడగండి.