గుండె సిరలోకి ఆల్కహాల్ ఎక్కిస్తారా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని తేల్చి, నిరుడు అబ్లేషన్ చేశారు. ఆరు నెలలు తిరక్కుండానే అది మళ్లీ వచ్చింది. ఈసారి అబ్లేషన్‌తో పాటు గుండె సిరలోకి ఆల్కహాల్ కూడా ఎక్కిస్తామంటున్నారు. జన్మలో మందు ముట్టని నాన్నగారు ఆ మాట వినగానే వద్దంటున్నారు. డాక్టర్ గారూ, ఇది చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఎక్కించేది తాగే మద్యం కాదని ముందుగా నాన్నగారికి నచ్చజెప్పండి. అది నీరు దాదాపు పూర్తిగా తీసేసిన ఇథనాల్. వాడేది కొద్ది మిల్లీలీటర్లే కనుక మత్తు కలిగే ప్రశ్నే లేదు. తాగుడు ఈ లయ దోషాన్ని పెంచుతుందన్నది నిజమే. ఇక్కడ మాత్రం ఇథనాల్‌ను, తాకిన కణాలను చంపే దాని గుణం కోసమే వాడతారు.

ఈ దోషాన్ని రేపే విద్యుత్ సంకేతాలు చాలామందిలో ఊపిరితిత్తుల సిరల మొదళ్ల నుంచి పుడతాయని ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు 1998లో చూపారు. అబ్లేషన్‌లో ఆ మొదళ్ల చుట్టూ వేడితోనో, అతిశీతలంతోనో కణజాలాన్ని మాడ్చి సంకేతాలకు అడ్డుకట్ట వేస్తారు. అయితే దోషం నెలల తరబడి పాతుకుపోయినవారికి ఇదొక్కటే చాలకపోవచ్చు. ఎడమ కర్ణిక వెలుపలి వైపున మార్షల్ సిర అనే సన్నని సిర ఉంటుంది. పిండ దశలోని ఒక పెద్ద సిర కుంచించుకుపోగా మిగిలిన ఈ అవశేషాన్ని ఆంగ్ల శరీర శాస్త్రజ్ఞుడు జాన్ మార్షల్ 1850లో వర్ణించారు. దాని చుట్టూ ఉండే కండర పోగులు, నరాలు లయను చెడగొట్టగలవు. కర్ణిక లోపలి నుంచి పెట్టిన వేడి గోడ మందాన్ని దాటి అక్కడిదాకా చేరడం కష్టం. ఆ సిరలోకే ఇథనాల్ పంపితే, అది చిన్న కొమ్మల గుండా కండరంలోకి ఇంకి, వేడి అందని చోట పని పూర్తి చేస్తుంది.

తొడ దగ్గరి సిర నుంచో, మెడ సిర నుంచో గొట్టాన్ని గుండె వెనుకనున్న కరోనరీ సైనస్ అనే పెద్ద సిరలోకి పంపి, రంగుమందు ఎక్కిస్తే మార్షల్ సిర తెర మీద నూలుపోగులా కనిపిస్తుంది. అందులోకి వెంట్రుకంత తీగ మీదుగా చిన్న బెలూన్‌ను చేర్చి, మందు వెనక్కి కారకుండా దానిని ఉబ్బించి, ఇథనాల్‌ను మెల్లమెల్లగా వదులుతారు. తర్వాత మళ్లీ రంగుమందు ఎక్కించినప్పుడు, అంతకు ముందు సన్నని గీతలా ఉన్నచోట మరక పరుచుకున్నట్టు కనిపిస్తే, మందు కండరంలోకి ఇంకిందని గ్రహిస్తారు.

ఫలితం గురించి అతిగా ఆశ పెట్టడం నాకిష్టం లేదు. అమెరికాలో 343 మందిపై జరిపి 2020లో ప్రచురించిన వీనస్ అధ్యయనంలో, ఒక్కసారి చేసిన చికిత్సతో లయ దోషం తిరగబెట్టనివారు అబ్లేషన్ మాత్రమే చేసినవారిలో 38 శాతం, ఇథనాల్ కూడా ఎక్కించినవారిలో 49 శాతం. మేలు నిజమే కానీ సగం మందికి మళ్లీ వచ్చింది. పైగా వారంతా మొదటిసారి అబ్లేషన్ చేయించుకున్నవారు కనుక, ఆ అంకెలు నాన్నగారికి అచ్చంగా వర్తించవు. కొందరిలో ఆ సిర దొరకదు, దొరికినా గొట్టం ఎక్కదు. సిర చిరగడం, గుండె చుట్టూ ద్రవం చేరి ఒత్తిడి పెరగడం వంటి ప్రమాదాలూ ఉన్నాయి.

కాబట్టి ఈ పని ఇప్పటికి ఎందరికి చేశారో, గుండె చుట్టూ ద్రవం చేరితే వెంటనే తీసే ఏర్పాటు అక్కడే ఉందో లేదో మీ వైద్యుణ్ని మొహమాటపడకుండా అడగండి. నాన్నగారు రక్తం పలచబరిచే మందు వాడుతుంటే, చికిత్స తర్వాత లయ కుదుటపడ్డా దాన్ని సొంతంగా మానేయనివ్వకండి. ఆ మందు పక్షవాతం రాకుండా ఇచ్చేది; ఆ ముప్పును వయసు, బీపీ, మధుమేహం వంటివి నిర్ణయిస్తాయి కనుక, ఎప్పుడు ఆపాలో వైద్యుడే చెప్పాలి.