రాయసకాడు సరే, రాయసకత్తె?

సందేహం: నేను కలెక్టరు కచేరీలో గుమాస్తాగా చేరి, స్టెనోగా రిటైరయ్యాను. మా అమ్మగారి పుట్టింటి పేరు రాయసం. ఇది ‘రాయలు’ నుంచి వచ్చిందా, ‘రాయడం’ నుంచా? మగవాడు రాయసకాడైతే ఆడమనిషిని ఏమనాలి? – ఒక పాఠకురాలు, నంద్యాల

సమాధానం: అమ్మా, నా ఓటు రాతకే. రాయసం అంటే రాసే కొలువు, పాత రూపం వ్రాయసం. వకారం జారిపోయాక మిగిలిన ‘రాయ’ను చూసి రాయలవారు గుర్తుకు రావడంలో వింత లేదు. తమిళంలో వరై అంటే గీయడం, కన్నడంలో బరె అంటే రాయడం. మన దగ్గర అచ్చు, హల్లు చోటు మార్చుకుని అదే వ్రాయు అయింది. రాత మొదట గీతే. గంటం తాటాకును గీస్తుంది, మసి పూస్తేనే అక్షరం కనబడుతుంది. నుదుటి మీద బ్రహ్మ చేసిన పనిని ఇవాళ్టికీ ఒకరు రాతంటారు, ఒకరు గీతంటారు. అయితే కన్నడంలోనూ ‘రాయస’ ఉంది, రాజుగారి ఉత్తరమనే అర్థంతో. బరె అనే భాషలో రాయస ఎలా పుట్టిందని రాయల పక్షం వారు అడుగుతారు. మన దగ్గర్నుంచి వెళ్లి ఉంటుందని నేనంటాను. వాదం తెగిందని మాత్రం అనను.

విజయనగరంలో రాయసం చిన్న కొలువేమీ కాదు. 1535 ప్రాంతంలో అక్కడున్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ ఒక సంగతి రాశాడు. రాజు దేనినీ కాగితం మీద పెట్టడట. ఆయన ఇచ్చిన వరం రాయసకాండ్ర పుస్తకాల్లోకి ఎక్కుతుంది, పుచ్చుకున్నవాడి చేతికి వచ్చేది లక్క మీద ఉంగరపు ముద్ర. రాజు మాటకు సాక్ష్యం ఎవరి దగ్గరుందో చూడండి! రాయసం కొండమరుసయ్య కృష్ణదేవరాయల కొలువులో అంత పెద్ద పేరయ్యాడంటే ఆశ్చర్యమా?

ఆ కొలువులోనే పెద్దన కూడా ఉన్నాడు. ఊరికే కృతులు రచించమంటే శక్యమా అని ఆయన చెప్పిన చాటుపద్యం అందరికీ నోటికి వచ్చు. కప్పురవిడెం, ఉయ్యెలమంచం దగ్గర సభ చప్పట్లు కొడుతుంది. అసలు కోరిక ఆ తర్వాత ఉంది: “ఊహ తెలియంగల లేఖక పాఠకోత్తముల్”. చెప్పింది చెప్పినట్టు రాసేవాడు చాలడు ఆయనకు, ఊహ తెలిసినవాడు కావాలి. మాట నోట్లో ఉండగానే వాక్యం ఎటు తిరుగుతుందో గంటానికి తెలియాలి. మీ డిక్టేషన్ ఇదేనమ్మా! విడెం లేకపోయినా ఏదో పద్యం వస్తుంది, మొద్దు రాయసకాడు దొరికితే వచ్చిన పద్యమూ చెడుతుంది. ఇంత స్పష్టంగా ఉన్నా, మొన్న ఒక సభలో ఒకాయన ‘లేఖక’ అంటే రచయిత అని సెలవిచ్చారు. అది హిందీ అర్థం. పెద్దన తన కోసం ఇంకో రచయితను ఎందుకు అడుగుతాడు? రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద కూర్చున్న దస్తావేజు లేఖరిని అడిగినా సరిగ్గా చెప్పేవాడు.

అందరూ ఊహ తెలిసినవాళ్లే అనను. “యాదృశం పుస్తకం దృష్టం తాదృశం లిఖితం మయా”, అంటే చూసిన పుస్తకం ఎలా ఉందో అలాగే రాశానని, తప్పయినా ఒప్పయినా నా దోషం లేదని, తాళపత్రం చివర చేతులు కడిగేసుకున్నవాళ్లు కోకొల్లలు. నడుం విరిగింది, మెడ వంగింది, కష్టపడి రాసిన గ్రంథం, జాగ్రత్తగా కాపాడండి అని వేడుకున్నవాళ్లూ ఉన్నారు. వీళ్ల మీదే నాకు జాలి.

రాత కొలువుల చుట్టూ ఉన్న మిగతా మాటలూ చూడండి. కరణం లెక్కల మనిషి, 1984లో ఆ కొలువు పోయింది. దఫ్తరు అనే మాట గ్రీకులో తోలు, ఫారసీ మీదుగా వచ్చి మన కాగితాల కట్ట అయింది. సెక్రటరీలో ‘సీక్రెట్’, అంటే రహస్యం, దాగి ఉంది, మన కార్యదర్శిలో పని ‘చూడటం’ మాత్రమే మిగిలింది. కొందరు నిజంగానే చూస్తూ కూర్చుంటారు.

ఇక మీ రెండో ప్రశ్న. చెలికాడికి చెలికత్తె, అందగాడికి అందగత్తె ఉన్నప్పుడు రాయసకాడికి రాయసకత్తె ఉండటానికి వ్యాకరణం అడ్డు చెప్పదు. మాట చెలామణిలోకి రాలేదంటే ఆ పీట మీద ఆడవాళ్లను కూర్చోనివ్వలేదు కనుక. ‘లేడీ స్టెనో’, ‘మహిళా కార్యదర్శి’ అనే అతుకుల కంటే ఇదే నయం. వాడితే తప్పు పట్టను, వాడి తీరాలనీ అనను.

గుమాస్తాకు స్త్రీలింగం మాత్రం అడక్కండి. ‘నియమింపబడినవాడు’ అని దాని అర్థం. కంపెనీ రోజుల్లో నేతగాళ్ల మీద పెత్తనం చేసిన ఏజెంటు అతనే. ఆ మాట ఫారసీ, ఆ భాషలో లింగభేదమే లేదు.